మోకాలి వెనక నరం

(మడివాళ సంత వెనక సందులో ఒక అద్దె గది. ఆదివారం పగలు. తల్లి అక్కయమ్మ చాప మీద బోర్లా పడుకుని ఉంది. ఆంబులెన్సు పనికి శిక్షణ తీసుకుంటున్న కూతురు సంధ్య ఆమె కాలి మీద రంగు పెన్నుతో గీతలు గీస్తోంది.)

"కదలద్దు మా. గీత వంకర పోతాండాది."

"చక్కిలిగింత పెడతా కదలద్దంటే ఎట్లమే? ఈ రంగు నీళ్ళు పోసుకుంటే పోతాదా, లేకుంటే లోపలికి దిగి పుండయితాదా?"

"పోతాది. మొన్న గీసింది పోలేదా?"

"పోలా. ఇంకా మరక అట్లే ఉండాది చూడు. పక్కింటి ఫాతిమా చూసి, ఏమక్కయమ్మా కాలికి ఏమయిందని భయపడిపాయ. నరాల జబ్బు అనుకునిందంట."

"నరాలే కదా గీసింది? సరిగ్గానే అనుకునింది."

"నీకు అన్నిటికీ నగువే. ఆ ఆంబులెన్సు హోసూరు రోడ్డులో గుయ్యిమని పరిగెత్తతాది. లారీల నడుమ అది బోల్తా పడితే?"

"పడదు."

"పడితే?"

"పడితే ఇంకో ఆంబులెన్సు వస్తాది. నోరు మూసుకొని పడుకో మా, రేపు ప్రాక్టికలు ఉండాది నాకు."

"రోగి చచ్చిపోతే వాళ్ళ మనుషులు ఆంబులెన్సు వాళ్ళనే కొడతారంట. ఫాతిమా చెప్పె. ఎలక్ట్రానిక్ సిటీ కాడ ఒక పిల్లోన్ని పట్టుకొని చెప్పులతో…"

"ఫాతిమక్క నీకు ఇంకేం చెప్పదా? ఇందుకే ఇంట్లో నీకు ఎవరూ ఏమీ చెప్పంది. నాయన కూడా జరమొస్తే చెప్పేవాడు కాదు. తుమ్మితే శవం లేచినట్లు ఏడుస్తావని."

"మీ నాయన చెప్పింటే…"

"సరే సరే. విను. నేను పై నుంచి చెప్తా వస్తా, తప్పు పోతే ఆపు."

"నేనేం ఆపేదే? నాలుగో క్లాసు చదివినదాన్ని."

"రెండు రోజుల నుంచి వింటాండావు. నా కంటే నీకే బాగా వచ్చు. నడుము కాడ వెన్నుపూసల సందుల్లోంచి వేర్ల మాదిరి బయటికొస్తాయి. అన్నీ చేరి పిర్ర లోపల ఒకటే పెద్ద నరం అయితాది. ఒంట్లో దీనంత లావు నరం ఇంకోటి లేదు."

"చిటికెన వేలంత లావు."

"చూసినావా! నీకు వచ్చు. తొడ వెనకాల నడిమధ్యన దిగుతాది. ఇట్ల… ఇట్ల… మోకాలికి రవ్వంత పైన రెండుగా చీలుతాది."

"ఆడనే కదా రెండూ ఒక్క చోట ఉండేది?"

"ఊ. ఒకటి బయటి పక్కకి తిరిగి, మోకాలి కింద గుబ్బ మాదిరి ఎముక ఉండాదే, దాన్ని చుట్టుకొని ముందుకి పోతాది. అది పోతే పాదం పైకి లేయదు. చెప్పు జారిపోతాది. కాలు ఈడ్చుకుంటా నడవాల. ఇంకోటి నేరుగా పిక్కలోకి దిగుతాది. అది పోతే మునికాళ్ళ మీద నిలబడేకి కాదు."

"అట్లయితే చీలే చోటనే తెగితే రెండూ పోతాయి."

"పోతాయి."

"ఇంక నడవలేడు."

"ఆ కాలితో నడవలేడు."

"కానీ సావడు."

"నరం తెగితే ఎవరూ చావరు మా. ఎందుకు మళ్ళీ మళ్ళీ అదే అడుగుతావు? మొన్న కూడా ఇదే అడిగితివి."

"ఊరికే. రేపు నీ బండిలోకి అట్లాంటోడు వస్తే నువ్వేం చేస్తావో అని."

"అట్లాంటోడంటే ఎట్లాంటోడు?"

"ఎట్లాంటోడూ కాదు. గియ్యి నువ్వు."

"ఆ ఎర్ర పెన్ను ఇట్లియ్యి."

"ఎర్రదెందుకు? మొన్న పసుపుదే కదా?"

"మొన్న నరాల పాఠం. నిన్న క్లాసులో నెత్తురు నాళాలు చెప్పినాడు రియాజ్ సారు. రెండూ ఒకేసారి చెప్తే మాకు కలగాపులగం అయితాదని వేరే వేరేగా చెప్తాడు. పటాలు కూడా వేరే వేరే. మొన్నటి పటంలో ఒట్టి పసుపు గీతలే."

"ఓహో."

"ఇది గజ్జల కాడ నుంచి బయలుదేరుతాది. తొడ లోపలి పక్కన దిగి, అట్ల తిరిగి… ఇదో, మోకాలి వెనక్కి వస్తాది. ఈడ నరమూ నాళమూ పక్కపక్కనే."

"పక్కపక్కనే?"

"ఆనుకొని ఉంటాయి. నరం రవ్వంత పైన, నాళం లోతుగా. ఈ ఒక్క చోట మాత్రం కాలికి అడ్డంగా ఎముక కూడా లేదు, దండిగా కండ కూడా లేదు. కత్తి నేరుగా దిగుతాది అని సారు…"

"దిగితే?"

"కొళాయి విప్పినట్లు పోతాది నెత్తురు. మేము బండి వేసుకొని పోయేలోపల మనిషి ఉండడంట. మా! ఏంది, లేచి కూర్చుంటివి? గీతంతా పూసుకుపాయ చూడు!"

"మొన్న ఎందుకు చెప్పలేదు?"

"ఏంది?"

"ఆడ నెత్తురు నాళం ఉండాదని మొన్న ఎందుకు చెప్పలేదు నాకు?"

"మొన్న నాకే తెలీదు. పాఠం నిన్న కదా అయింది?"

"తెలీనప్పుడు నోరు మూసుకోవాల! సావరని ఎట్ల చెప్పినావు? అడిగి అడిగి అడిగితి. అడిగినప్పుడంతా సావరు, సావరు, సావరు అంటివి!"

"నరం తెగితే చావరన్నా. ఇప్పుడూ అదే అంటా. నువ్వెందుకు ఇట్ల అరుస్తాండావు?"

"నీళ్ళియ్యి."

"ఇదో. తాగు. నిదానంగా. మా… ఎవరికి చెప్పినావు?"

"నువ్వు అన్నం తిన్యావా?"

"ఎవరికి చెప్పినావు?"

"చారు వేడి చేసి పెట్టినా. తిను పో."

"మా!"

"మీ అన్నకి."

"తిరుపాలన్నకా? బండి మీద ఎళనీళ్ళ టెంకాయలు అమ్మేవానికి మోకాలి నరం సంగతి ఎందుకు?"

"ఆ మునిరాజు పొద్దున బండి కాడికి వచ్చినాడు."

"మన బండి కాడికా? సంత పక్కకి రాకూడదని కదా వానికి జామీను ఇచ్చింది?"

"జడ్జి చెప్తే వాడు వింటాడా? వచ్చినాడు. నేనూ ఉంటి. ఒక ఎళనీరు కొట్టియ్యిరా అన్యాడు. మీ అన్న కొట్టలా. వాడే బండి మీద ఉండే మచ్చుకత్తి తీసుకొని ఒక కాయ కొట్టుకున్యాడు. ఒక్క దెబ్బకి కాయ రెండయి నీళ్ళు నా మొగం మీద పడె. 'మీ నాయన తలకాయ కూడా ఇట్లనే పగిలె, కాకుంటే దాంట్లో నీళ్ళు ఎర్రగుండె' అన్యాడు. అని నగినాడు సంధ్యా. నగి, కాయ ఎత్తి తాగి, మిగిలిన చిప్ప మీ అన్న కాళ్ళ కాడ పారేసి పాయ."

"థూ. వాని…"

"బండి నిలుపుకునే ఆ జానెడు జాగా కోసం కదే మీ నాయన్ని కొట్టి చంపింది! ఇనుప రాడ్డుతో. సంతంతా చూసె. ఒక్కడు సాక్షి చెప్పలా. పండ్లమ్మేటోడు, పూలమ్మేటామె, అందరూ ఆ పొద్దు ఇంటికాడే ఉండినారంట!"

"నాకు తెలుసు మా. చెప్పొద్దు. నాయన తలకి టవలు చుట్టి ఆటోలో నిటారుగా కూర్చోబెట్టుకొని పోయినారు. కూర్చోబెట్టినారు మా! ఎట్ల పడుకోబెట్టాలో తెలిసినోడు ఒక్కడు ఉండింటే… దానికోసమే కదా నేను ఈ పనికి చేరింది. సరే, మునిరాజు పోయినాడు. తర్వాత?"

"తర్వాత మీ అన్న కత్తి ఇంటికి తెచ్చి తుడిచినాడు. సానరాయి తీసి నూరినాడు. నూరిందే నూరినాడు. టెంకాయకి అంత వాదర ఎందుకురా అంటి. కాళ్ళు పట్టుకొంటి సంధ్యా, కన్న కొడుకు కాళ్ళు పట్టుకొంటి. చంపొద్దు నాయనా, నిన్ను ఉరి తీస్తారు, నేను రెండు పీనుగుల్ని చూడలేను అంటి. వినలా. 'ఈరోజు వాడన్నా ఉండాల, నేనన్నా ఉండాల' అనేసినాడు."

"నన్ను పిలవాల్సింది! నేను ఇంట్లోనే కదా ఉండింది?"

"నువ్వు తలకు పోసుకుంటాంటివి. పిలిస్తే నువ్వు వచ్చి అడ్డం పడతావు. వాడు నిన్ను తోస్తాడు. నీకు తగులుతాది. కత్తి చేతిలో ఉండాది వానికి."

"అందుకని?"

"అందుకని… అప్పుడు నాకు నీ నరం గుర్తుకొచ్చె."

"అయ్యో. అయ్యో మా!"

"నరికితే కాలు నరకరా అంటి. మెడ జోలికి, కడుపు జోలికి పోవద్దు. మోకాలి వెనకాల ఒకటే దెబ్బ వెయ్యి. రెండు నరాలూ ఒక్కసారి పోతాయి. బతికినన్నాళ్ళూ వాడు కాలు ఈడ్చుకుంటా తిరుగుతాడు, సంతలో అందరూ చూస్తారు, ప్రాణం మాత్రం పోదు. ప్రాణం పోకుంటే ఉరి లేదు. జైలయితే నాలుగేండ్లకో అయిదేండ్లకో వస్తావు, నేను కండ్లు మూసేలోపల వస్తావు అంటి. మా సంధ్య పెద్ద సారు కాడ నేర్చుకునింది, అది తప్పు చెప్పదు అంటి."

"నా పేరు చెప్పినావా?"

"నీ పేరు చెప్తేనే కదా వాడు నమ్మేది! నా మాట ఎప్పుడు విన్యాడు? నా కాలి మీద మొన్నటి మరక ఉండె కదా. చీర ఎత్తి, గీత చీలే చోట వేలు పెట్టి చూపిస్తి. వాడు వంగి చూసినాడు. 'ఈడనా మా' అన్యాడు. ఆడనే అంటి. వాడు కూడా వేలు పెట్టి చూసుకున్యాడు."

"నేను మనుషుల్ని బతికించేకి నేర్చుకుంటాంటే, నువ్వు దాన్ని తీసుకపోయి కత్తికి దారి చూపించినావు!"

"నేనూ బతికించేకే! నా కొడుకుని బతికించేకే! ఈ ఊర్లో చంపేకి తెలిసినోళ్ళు దండిగా ఉండారు, చావకుండా కొట్టేకి తెలిసినోడు ఒక్కడు లేడు. నాకు తెలిసింది చెప్తి. సగమే తెలుసని నాకేం తెలుసు?"

"ఫోను యాడ? నా ఫోను యాడపాయ?"

"దిండు కింద. ఏం చేస్తావు?"

"ఆపాల వాన్ని. మోగుతాండాది… ఎత్తడం లే. యాడికి పోయినాడో చెప్పినాడా?"

"మునిరాజు ఆదివారం సంత వెనకాల ఖాళీ సైటులో పేకాట ఆడి ఒంటరిగా వస్తాడంట. ఆడ మీ అన్న కాచుకుంటాడంట. ఎత్తినాడా?"

"ఎత్తలా."

"ఎందుకు ఎత్తలా? అయిపోయింటాదా? నరికేసింటాడు. వాడు చచ్చిపోయింటాడు. పోలీసులు వచ్చింటారు. నా కొడుకు చేతులకి నెత్తురు ఉంటాది, చూస్తానే తెలిసిపోతాది…"

"మా, గమ్మునుండు! మళ్ళీ ఫోను కొడతాండా."

"మీ నాయన్ని చంపినోడు బయట తిరుగుతాడు, నా కొడుకుని మాత్రం ఉరి తీస్తారు. నేను తీసినట్లే. నా వేలితో చూపిస్తి సంధ్యా. ఈ వేలే. ఈ వేలితోనే."

"మా, నా చెయ్యి వదులు. ఫోను పడిపోతాది. ఎత్తడం లే. నేను పోతా. పరిగెత్తితే…"

"వద్దు! నువ్వు పోవద్దు. నడుమ పడి నిన్ను నరికితే?"

"వాకిలి వదులు మా."

"వదలను. నన్ను తొక్కుకొని పో."

"నువ్వు అడ్డం పడాల్సింది నాకు కాదు, పొద్దున వానికి! ఉండు… ఉండు… ఎత్తినాడు. అన్నా! అన్నా, యాడుండావు?"

"సంధ్యా…"

"కొట్టొద్దు! మోకాలి వెనకాల కొట్టొద్దన్నా! అమ్మ తెలీక చెప్పింది. ఆడ నరమే కాదు, పెద్ద నెత్తురు నాళం ఉండాది. తెగితే మనిషి బతకడు. వింటాండావా?"

"అయిపాయ."

"ఏంది?"

"దెబ్బ పడిపాయ సంధ్యా."

"దేవుడా! స్పీకరు పెట్టు, నాకు వినపడాల. తిరుపాలూ! ఏం చేస్తివిరా నాయనా!"

"అమ్మ పక్కనే ఉండాదా?"

"ఉండాది. నువ్వు చెప్పు."

"అమ్మని బయటికి పంపియ్యి."

"నేను పోను! యాడికీ పోను. సంధ్యా, నేను పోనని చెప్పు వానికి."

"పోదంటన్నా. చెప్పు. దెబ్బ యాడ పడింది?"

"ఆడనే. అమ్మ వేలు పెట్టిన చోటనే."

"ఎట్ల వస్తాండాది నెత్తురు? ఊరికే కారుతాండాదా, చిమ్ముతాండాదా?"

"చిమ్ముతాండాది. గుండె కొట్టుకుంటాందే, ఆ లెక్కన."

"ఫాతిమక్కా! ఫాతిమక్కా, గోడ అవతల ఉండారా? మీ ఫోన్లోంచి ఆంబులెన్సుకి కొట్టండక్కా, బిర్న!"

"ఏమయిందే సంధ్యా? అక్కయమ్మకి ఏమన్నా…"

"అమ్మకి కాదక్కా. అన్నా, సైటులో యాడ?"

"నీళ్ళ ట్యాంకు కింద. ఇటుకలు పేర్చిండారు చూడు, ఆడ."

"సంత వెనక సైటు, నీళ్ళ ట్యాంకు కింద. మోకాలి వెనకాల తెగింది, నెత్తురు చిమ్ముతాండాదని చెప్పండి ఫాతిమక్కా!"

"యా అల్లా. చేస్తాండా, చేస్తాండా."

"అన్నా, ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. చొక్కా విప్పు. ఉండ చుట్టి గాయం లోపలికి దోపు. పైపైన కాదు, లోపలికి. వేళ్ళతో తోయాల."

"ఊ… ఉండు… అబ్బా…"

"అరుస్తాండాడా?"

"ఊ."

"అరవనీ. అరుస్తాంటే ఉసురుంది అని. దోపినావా? ఇంక నొక్కి పట్టు. తీసి చూడొద్దు."

"చొక్కా అంతా తడిసిపాయ అప్పుడే."

"తడవనీ. దాని మీదనే ఇంకోటి పెట్టు. లుంగీ కట్టుకోనుండావా?"

"ప్యాంటు. మెడలో టవలుంది."

"టవలు తొడకి కట్టు. మోకాలికి బాగా పైన. బిగించినంత బిగించు. ముడిలో ఏదన్నా దూర్చి మెలి తిప్పాల, బట్ట పిండినట్లు. మచ్చుకత్తి పిడి దూర్చు."

"కత్తి లేదు."

"యాడపాయ?"

"లేదంటాంటే! సెంట్రింగు కర్ర ముక్క ఉండాది ఈడ. అది పెడతా."

"పెట్టు. తిప్పు. ఇంకా తిప్పు."

"ప్రాణం పోతాండాది సంధ్యా."

"పోదు. నొప్పికి ఎవరూ చావరు. తిప్పు."

"రేయ్ తిరుపాలూ, వానికి రవ్వంత నీళ్ళు తాపరా. నోరు ఎండిపోయింటాది."

"నీళ్ళొద్దు మా, నువ్వు ఉండు."

"నీళ్ళివ్వకుంటే పోతాడేమో! నాయనా, వాన్ని బతికించురా. వాని గడ్డం పట్టుకో, కాళ్ళు పట్టుకో, బతుకు మునిరాజన్నా అని అడుక్కో. వాడు పోతే నువ్వు పోతావురా. మీ నాయన్ని చంపినోడే, నా తాళి తెంపినోడే, అయినా ఈరోజు వాడు బతకాల. దేవుడా, ఆ మునిరాజు బతకాల. మొన్నటి వరకు వాని పీనుగ చూడాలని నీకు దండం పెట్టుకుంటి, అది తప్పు, అది లెక్కలోకి తీసుకోవద్దు. వాడు బతకాల. నూరేండ్లు బతకాల."

"మా, ఏడవద్దు, నాకు వాని మాట వినపడడం లే. అన్నా! మెలి తిప్పినావా?"

"తిప్పినా."

"చిమ్మేది తగ్గిందా?"

"రవ్వంత తగ్గింది. పూర్తిగా లే."

"అయితే గజ్జల్లో నొక్కాల. తొడ, పొట్ట కలిసే చోట నడిమధ్యన కొట్టుకుంటా ఉంటాది చూడు. నీ మోకాలు ఆడ పెట్టి, నీ బరువంతా దాని మీద వెయ్యి."

"మోకాలు పెట్టేకి కాదు."

"ఎందుకు కాదు?"

"కాదంటే కాదు. పిడికిలితో నొక్కుతా."

"మోకాలైతే బరువు పడతాది కదా? పిడికిలి ఎంతసేపు పడతావు?"

"పట్టినంతసేపు పడతా. వస్తాండారా వాళ్ళు?"

"ఫాతిమక్కా! దొరికినారా?"

"బయలుదేరినారంట సంధ్యా! బొమ్మనహళ్ళి పక్క నుంచి వస్తాండారంట. సంత కాడ ఆదివారం జనం దండిగా ఉంటారు, ఎవరన్నా రోడ్డులో నిలబడి దారి చూపించండి అంటాండారు. నేను పోతాండా. అక్కయమ్మని చూసుకో."

"వస్తాండారన్నా. ఫాతిమక్క దారిలో నిలబడతాదంట. నువ్వు పిడికిలి తీయొద్దు."

"తీయను."

"గట్టిగా మాట్లాడు. గొంతెందుకు అట్ల దిగిపోతాండాది?"

"నొక్కుతాండా కదా. ఆయాసం."

"ఎవరన్నా ఉండారా ఆడ? పేకాట వాళ్ళు?"

"అందరూ పారిపోయినారు. గోడ దూకి పారిపోయినారు. ఒక్కడు వెనక్కి తిరిగి చూడలా."

"పారిపోనీ. సాక్షి చెప్పేటోళ్ళు ఉండరు. సంధ్యా, సాక్షి లేకుంటే ఉరి లేదు కదా?"

"మా, ఆ ఉరి మాట ఇంకొకసారి ఎత్తితే ఫోను తీసుకొని బయటికి పోతా."

"ఎత్తను. ఎత్తను తల్లీ. వాని చేత మాట్లాడిస్తా ఉండు. వాని గొంతు నాకు బాగలేదు. చిన్నప్పుడు జరమొస్తే ఇట్లనే మాట్లాడేవాడు."

"అన్నా, నిద్ర వస్తాండాదా?"

"లేదు. చలిగుండాది."

"ఎండలో చలా?"

"ట్యాంకు నీడ కదా."

"కాలు ఉంటాదా సంధ్యా? అడుగు. వాని కాలు తీసేస్తారా? కాలు తీసేస్తే కేసు పెద్దదవుతాదా?"

"నువ్వు కేసు వదులు మా! అన్నా, ఆంబులెన్సు వాళ్ళు వస్తానే అడుగుతారు, నరం ఉందా పోయిందా అని. ఇప్పుడే చూసి పెట్టుకుంటే ఆసుపత్రిలో పని బిర్న అవుతాది. ఒక చేత్తో నొక్కి పట్టి, ఇంకో చేత్తో చెప్పు విప్పు."

"చెప్పు ఎప్పుడో పోయింది."

"పాదం ముట్టి చూడు. ఎట్లుండాది?"

"చల్లగుండాది. ఐసు మాదిరి."

"బొటనవేలు పైకి ఎత్తమను."

"లేవడం లే."

"రవ్వంత కూడా?"

"రవ్వంత కూడా లేవడం లే. లేపి లేపి చూస్తాండా."

"సరే. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ గోరుతో గిల్లు. బాగా గట్టిగా. తెలుస్తాందా లేదా అని వాన్నడుగు."

"ఉండు… అందడం లే… ఊ. తెలీడం లే."

"అరికాలు?"

"అరికాలు కూడా తెలీడం లే. ఎవరిదో కాలు మాదిరి ఉండాది."

"నువ్వు చెప్పొద్దన్నా. వాన్నడుగు. వాని నోటితో చెప్పాల, నాకు వినపడాల."

"తెలీడం లేదని చెప్తాండా కదా సంధ్యా."

"నువ్వు వాన్ని ఒక్క మాట కూడా అడగలా! గిల్లింది నువ్వు, వానికి తెలుస్తాందో లేదో నీకెట్ల…"

"సంధ్యా, ఫోను ఇట్లియ్యి."

"ఉండు మా, వాడు సరిగ్గా…"

"ఇట్లియ్యమంటాండా. తిరుపాలూ… నాయనా… కత్తి వాడు గుంజుకున్యాడా? నువ్వు గిల్లుతాండేది నీ కాలే కదరా?"